మధ్య మగ్గం మనిషి

"నాన్న కల్పించి చెబుతున్నాడు డాక్టర్. అమ్మ అలా అనదు," అంది కూతురు.

మంచం మీద తల్లి పెదవులు మళ్ళీ కదిలాయి. గొంతుకు కన్నం చేసి గొట్టం పెట్టినప్పటి నుంచి ఆమెకు గొంతు లేదు. చేతులు లేవవు. మందుల మత్తుకు రెప్పలు వాటంతటవే వాలిపోతుంటే, కళ్ళ సైగలను నమ్మేదెవరు? పెదవులు మాత్రం ఆడుతున్నాయి. అవి ఏమంటున్నాయో ఆ వార్డులో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ చెవిటివాడు.

"ఇంకో ఆపరేషన్ వద్దంటోంది," అన్నాడు ఆమె భర్త. తన గొంతు తనకు వినిపించదు కాబట్టి వార్డంతా వినపడేలా అన్నాడు. "కోసింది చాలంటోంది. ఇంటికి తీసుకుపొమ్మంటోంది."

"ఇంటికెళ్తే ఎన్నాళ్ళుంటుంది నాన్నా? అమ్మ బాధ చూడలేక నువ్వే అంటున్నావు."

అతను కూతురి పెదవులు చూసి ఆ మాట అందుకున్నాడు. మొహం వాడిపోయింది.

"నేనెందుకంటానే? ఆవిడ పోతే నాకెవరున్నారు? కాళ్ళు పట్టుకునైనా ఉండమంటాను. కానీ ఆవిడ అంటున్నది అది కాదే."

ఇద్దరూ ఒకప్పుడు మరమగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్ళు. ఆ చప్పుడులో అరిచి గీపెట్టినా పక్కవాడికి వినపడదు. అందరూ పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఈ చివరి మగ్గం నుంచి ఆ చివరి మగ్గానికి మాట వెళ్ళాలంటే మధ్య మగ్గం దగ్గరున్నవాడు అందించాలి. వచ్చింది వచ్చినట్టు అందించాలి, సొంత కవిత్వం కలపకూడదు. ఆ పని ఇతనంత నిజాయితీగా చేసినవాడు షెడ్డులో లేడు. ఒకసారి మేస్త్రీ అటువైపున్న అమ్మాయితో "మధ్యలో ఆ గాడిదను కాస్త పక్కకు జరగమను" అంటే, ఆ ముక్క కూడా పొల్లుపోకుండా అందించి తనే పక్కకు జరిగాడు. అటువైపు అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ అమ్మాయే ఇప్పుడు ఈ మంచం మీద ఉంది.

షెడ్డు అతని రెండు చెవులనూ తినేసింది. అందుకు అతను దేవుడితో పోట్లాడని రోజు లేదు. కూతురు ఫస్టుక్లాసులో పాసైనప్పుడు జనం కొట్టిన చప్పట్లు వినలేదు. మనవరాలి మొదటి మాట వినలేదు. "నేనేం పాపం చేశానని నా చెవులే దొరికాయి ఆయనకి?" అని గొణిగేవాడు. "ఆయన ఊరికే తీసుకోడులే, దేనికో అయి ఉంటుంది," అనేది భార్య. అని, గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అది దేనికో అతనికి ఇవాళ తెలిసింది. షెడ్డు మూతపడ్డాక చెవులున్నవాళ్ళంతా ఆ విద్య మర్చిపోయారు. చెవులు పోయినవాడికి మాత్రం అదే బతుకైంది. లేకపోతే తనూ ఈ పెదవుల ముందు గుడ్లప్పగించి నిలబడేవాడు, ఆవిడ చివరి కోరిక ఆవిడతోనే పోయేది. ఇన్నేళ్ళూ తిట్టిన దేవుడికే లోలోపల దండం పెట్టుకున్నాడు. తప్పు నాదేనయ్యా, నీ లెక్క నాకు తెలియలేదు అనుకున్నాడు. దుఃఖంలోనే చిన్న ఊరట కలిగింది.

డాక్టరు మాస్కు కిందికి లాగి అతని ఎదురుగా నిలబడ్డాడు.

"పెద్దాయనా, నిర్ణయం ఆవిడది. మీరు నిజంగా ఆవిడ పెదవులు చదవగలరని నాకు నమ్మకం కుదరాలి." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నాన్నగారికి తెలియనిది, మీకూ అమ్మగారికీ మాత్రమే తెలిసినది ఏదైనా ఆవిడను చెప్పమనండి. ఆయన దాన్ని పైకి చదివితే ఇక అనుమానం ఉండదు."

కూతురు తన పెదవులు తండ్రికి కనపడకుండా వీపు తిప్పి, తల్లి మీదికి వంగి అడిగింది. అడిగి పక్కకు తప్పుకుంది.

తల్లి కూతురిని చూడలేదు. భర్తనే చూసింది, చాలాసేపు. పెదవులు తెరిచింది, మూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను చూసి ఆగుతావేం?" అన్నాడతను ఆమె నుదురు నిమురుతూ. "నేను మధ్య మగ్గం వాణ్ణి. గాడిద అన్నా అందిస్తాను. చెప్పు."

ఆమె మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. పెదవులు కదిలాయి. అతను ఆ పెదవుల మీదే కళ్ళు పెట్టి ఒక్కొక్క ముక్కే పైకి చెప్పసాగాడు.

"'అప్పుడు నువ్వు చిన్న బళ్ళో ఉన్నావు... చెవుల డాక్టరు మనిద్దరినీ లోపలికి పిలిచాడు... మీ నాన్న బయట బెంచీ మీద కూర్చున్నాడు...'"

కూతురి మొహం పాలిపోయింది. "చాలు నాన్నా. నమ్మాను. ఇక చాలు," అంది.

వినడానికి అతనికి చెవులు లేవు. చూడడానికి కళ్ళు అటు తిరగలేదు. కూతురు అతని భుజం పట్టుకుని లాగింది. మాట అందుకుంటున్నప్పుడు పక్కకు చూసే అలవాటు షెడ్డులో ఎవరికీ లేదు. చెయ్యి విదిలించుకున్నాడు.

"'మగ్గం పని ఇప్పుడే మానేస్తే ఉన్న చెవులు నిలుస్తాయన్నాడు డాక్టరు... ఆయన పని మానేస్తే నీ చదువు ఆగిపోతుందని నాకు భయమేసింది...'" అతను అదే గొంతుతో, వార్డంతా వినపడేలా, ఒక్క ముక్క పోకుండా అందించాడు. "'బయటికొచ్చి మీ నాన్నతో, ఇది దేవుడి పని, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు అని చెప్పాను.'"