సముద్రంలో పారేసిన గంట

మన్నూబియా ఉలిక్కిపడితే చాలు, గుండె ఆగిపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ రోజే ఆమె భర్త హాదీ తలుపుకున్న ఇత్తడి గంటను పీకి, తాను వల వేసే చోట సముద్రంలో పారేశాడు. తరువాత ఆపరేషన్ చేసి, ఆమె గుండెను పరుగెత్తించే నరాలను కోసేశారు.

“ఇక నేనొచ్చినా నీ గుండె ఎగిరిపడదు కదే,” అని హాదీ ఏడిపించేవాడు.

అతని పడవ తిరిగిరాక ఈ రాత్రికి నలభై రోజులు. స్ఫాక్స్ రేవులో గాలి కూడా లేదు. తలుపు బయట ఆ గంటే మోగింది, నీళ్ల అడుగు నుంచి మోగినట్టు.

“భయపడకే, నేనే.”

గడప కింద నుంచి ఉప్పునీళ్లు వచ్చి ఆమె పాదాలను తడిపాయి. మన్నూబియా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకుంది. గుండె నిదానంగానే కొట్టుకుంటోంది.

“నువ్వన్నట్టే అయింది,” అని ఏడుస్తూ ఆమె గడియ మీద చెయ్యి వేసింది.