గ్యాస్ వాసన

“ఇంజిన్ ఆపండి బాబాయ్. మళ్లీ తాళం తిప్పబాకండి.”

ఝాన్సీ అరవలేదు. అయినా ఆమె గొంతులో వణుకు విని పున్నారావు గబుక్కున ఇంజిన్ ఆపేశాడు. నరసరావుపేటలో కార్ల ఏసీలు బాగుచేసే ఆమె షాపు ముందుకు ఆయన కారు అప్పుడే వచ్చి ఆగింది.

“ఏందమ్మా? ఏసీ చల్లగా రావట్లా. గ్యాస్ కొట్టించుకుందామని వచ్చా,” అంటూ దిగి, సిగరెట్ తీసి నోట్లో పెట్టుకున్నాడు. లైటర్ వెలిగించేలోపే ఝాన్సీ దాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకుంది.

సొంతూరు శావల్యాపురంలో ఆయనకు ఎదురు నిలబడి మాట్లాడేవాళ్లే తక్కువ. పున్నారావు మొహం ఎర్రబడింది.

“ఏందే, చేతిలోది లాక్కుంటున్నావ్?”

కారు అద్దాలు బిగించుకుని వెనక సీట్లో కూర్చున్న ఆయన భార్య పున్నమ్మ దగ్గరికి ఝాన్సీ పరుగెత్తి, తలుపు తీసి, రెక్క పట్టుకుని కిందికి దించింది.

“సుభానన్నా, వెల్డింగ్ ఆపు,” అని పక్కషాపు వైపు కేకేసింది. అక్కడ రాలుతున్న నిప్పురవ్వలు ఆగిపోయాయి.

“ఈ ఏసీలో ఉంది వంటగ్యాస్ పిన్నీ. కొట్టాల్సిన గ్యాస్ కాదు. లీకై లోపలికొస్తే ఒక్క రవ్వ చాలు.”

సుభానీ వచ్చి చెయ్యి వేశాడు. పున్నారావు కూడా గొణుక్కుంటూనే తోశాడు. ముగ్గురూ కలిసి కారును రోడ్డవతల ఖాళీ స్థలంలోకి చేర్చారు.

“సెకండ్ హ్యాండే గాని చానా బాగుందంటే కొన్నా. రెండు వారాలు కాలా. బానెట్ ఎత్తకుండానే నీకెట్టా తెలిసింది?”

“వాసనొచ్చింది,” అంది ఝాన్సీ, నంబరు ప్లేటు మీంచి చూపు తిప్పుకుని.

“నాకెప్పుడూ రాలేదే,” అంది పున్నమ్మ. “రోజూ ఇందులోనే తిరుగుతున్నా.”

ఝాన్సీ కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకుంది. పైపులో ఏ గ్యాస్ ఉందో చెప్పే చిన్న మీటర్ తగిలించింది. కాసేపటికి మీటర్ కీచుమంది. ఎర్ర లైటు వెలిగింది.

“మండే గ్యాసే,” అన్నాడు సుభానీ తొంగిచూసి.

పున్నారావు నోట్లోని సిగరెట్ తీసి కింద పడేశాడు. “నిన్న మనవరాల్ని ఎక్కించుకుని మాచర్ల దాకా పోయొచ్చాం. దారంతా సిగరెట్లు కాలుస్తానే ఉన్నా.”

పున్నమ్మ అక్కడే మట్టిలో కూలబడింది.

“తీసెయ్యి తల్లీ, ఆ గ్యాసేదో ఇప్పుడే తీసెయ్యి,” అన్నాడాయన.

“నా మెషీన్‌కి తగిలిస్తే ఇక్కడే అంటుకుంటది. దీన్ని తీసే మెషీన్ గుంటూరులో ఉంది. ఫోన్ చేసి పిలిపిస్తా, వాళ్లొచ్చేదాకా ఎవరూ కారు దగ్గరికి పోవద్దు. నేనిక్కడే కూర్చుంటా.”

“ఈ పని చేసినోడెవడో గాని, వాడి చేతులు పడిపోను,” అన్నాడు పున్నారావు.

పున్నమ్మ లేచి వచ్చి ఝాన్సీ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. “నీ చేతులు చల్లగుండాలమ్మా. పసిదాన్ని కాపాడావు.”

ఝాన్సీ మెల్లగా చేతులు వెనక్కి తీసుకుంది.

మూడేళ్ల కిందట పిడుగురాళ్లలో, ఆ కారు ఏసీలోకి వంటగ్యాస్ ఎక్కించింది ఆ చేతులే.