హాల్లో కారు

అమ్మడూ,

మీ తాతయ్య కారుకి షెడ్డు వేయించారని ఫోనులో మురిసిపోయావు. పొరపాటు. షెడ్డు వేయించలేదు, కారునే హాల్లోకి తెచ్చారు. ఎండకి రంగు వెలిసిపోతోందట, వానకి మెరుపు పోతోందట. గోడ పగలగొట్టించి, సోఫాని వాకిట్లోకి గెంటి, కారుని లోపల పెట్టారు. ఇప్పుడు ఎండకి వెలిసిపోతున్నవాళ్ళం సోఫా, నేనూ.

నిన్న ఆయన పాలిష్ కొనడానికి బజారుకెళ్ళి వచ్చేసరికి, షట్టరు బిగించాల్సిన చోట మేస్త్రి నిండుగా గోడ కట్టేసి వెళ్ళిపోయాడు.

“ఇప్పుడు కారు బయటికెలా వస్తుందే?” అన్నారు, ఇటుకలు తడుముతూ.

“రంగు భద్రంగా ఉందిగా, ఇంకేం కావాలండీ?” అన్నాను.

అప్పట్నుంచి మేస్త్రిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నారు. పాపం, అతనికి మూసెయ్యమని చెప్పింది నేనే. ఈయనకి కళ్ళల్లో శుక్లాలు ముదిరాయి. ఆపరేషనంటే వినరు, స్టీరింగు వదలరు. మొన్న పక్కింటి నీళ్ళ ట్యాంకుకి హారను కొట్టి, “కాస్త పక్కకి జరగండి పెద్దమ్మా” అని బతిమాలారు.

నువ్వు రేపే కళ్ళ డాక్టరు దగ్గర టైము తీసుకో. ఆపరేషనైన మర్నాడే గోడ తీయడానికి మేస్త్రికి తీరిక దొరుకుతుందని తాతయ్యకి ఫోను చేసి చెప్పు.

– అమ్మమ్మ