ఆరో గొంతు

కోర్టు ముందున్న ఓక్ చెట్టుకు పొద్దున్నే ఎవరో తాడు వేలాడదీశారు. ఎవరు, ఎందుకు అని ఒక్కరూ అడగలేదు. దాని కిందుగానే వరస కట్టి, ఒక్కొక్కరే మెట్లెక్కి ఓటు చెబుతున్నారు.

వర్జీనియాలో ఓటంటే నోటిమాటే. షెరీఫ్ పేరు పిలుస్తాడు. బల్ల ముందు నిలబడి ఊరంతా వినేటట్టు చెప్పాలి. గుమాస్తా పేరు పక్కన రాసుకుంటాడు. ఈసారి అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. వర్జీనియా రాష్ట్రం అమెరికా నుంచి విడిపోవాలా, వద్దా?

"విడిపోవాలి."

"విడిపోవాలి."

పొద్దుటి నుంచీ అదే మాట. ఆ మాట వినపడ్డప్పుడల్లా కల్నల్ హార్‌గ్రోవ్ మనుషులు తుపాకీ మడమలతో నేలను దబదబా కొడుతున్నారు. వాళ్ళందరి టోపీలకూ విడిపోవాలనే పక్షం గుర్తుగా నీలం రిబ్బను పువ్వులు. ఉత్తరాదితో యుద్ధం మొదలై నెల దాటింది మరి, ఉత్సాహం అంతా ఇంతా కాదు.

వరసలో అందరికన్నా చివర పిండిమర ఈనస్ షూమేట్ నిలబడ్డాడు. అతని ముందు అయిదుగురు. ఆ అయిదుగురూ "వద్దు" అని చెప్పడానికే వచ్చారు. వాళ్ళను కూడగట్టింది ఈనసే.

అదేమంత తేలిగ్గా జరగలేదు. విడిపోవడం ఇష్టంలేనివాళ్ళు ఈ జిల్లాలో ఉన్నారని అందరికీ తెలుసు. ఎవరన్నది మాత్రం తెలీదు. ఆదివారం చర్చిలో అందరితోపాటు తలూపేసి, ఇంటికెళ్ళి తలుపులు వేసుకునే రకం. కల్నల్ ఎంత ఆరా తీసినా ఒక్క పేరూ బయటికి రాలేదు.

పది రోజుల కిందట ఈనస్ మర తలుపు మీద ఎవరో బొగ్గుతో ఉరితాడు బొమ్మ గీశారు. భార్య చూడకముందే కడిగేశాడు. మర్నాడు ఎప్పటిలాగే కల్నల్ ఇంట్లో పిండి బస్తాలు దించి వచ్చాడు. ఆ సాయంత్రమే బావమరిది ఆబ్నర్ గడప తొక్కాడు. ఆబ్నర్ ఇంకొకరి పేరు చెప్పాడు. అతను మరొకరి పేరు. ఒక్కొక్కరినే బతిమాలి, రోషం తెప్పించి, నిన్న మధ్యాహ్నం మర వెనక బైబిల్ మీద ఒట్టు వేయించాడు ఈనస్.

"విడివిడిగా ఉంటే నలిపేస్తారు. ఆరుగురం కలిసి చెబితే ఆరుగురినీ ఉరి తీస్తారా? అంత తాడుందా వాళ్ళ దగ్గర?"

నలుగురు నవ్వారు. చెప్పులు కుట్టే టోబియస్ మాత్రం నవ్వలేదు.

"అన్నీ బాగానే చెప్తున్నావ్. మరి నువ్వెందుకయ్యా చివర?"

"మొదటివాణ్ణి తిడతారు టోబియస్. కొట్టేది చివరివాణ్ణే. పోనీ, ఆ చోటు నీకిచ్చేయమంటావా?"

టోబియస్ తల దించుకుని బైబిల్‌ను ముద్దు పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఈనస్ వీపు చెమటతో తడిసిపోయింది. అయిదుగురూ నోరు విప్పాలి. ఒక్కడు జంకినా పది రోజుల కష్టం బూడిదపాలే. అతని చెయ్యి మాటిమాటికీ కోటు లోపలి జేబును తడుముకుంటోంది.

ముందున్న ఆబ్నర్ అది చూశాడు. "ఏంటి బావా, పిస్తోలా?"

"కాదులే."

"మరి అక్క కట్టిచ్చిన మొక్కజొన్న రొట్టా? నాకూ ఓ ముక్క పెట్టు. పొద్దున్నుంచీ ముద్ద దిగలేదు."

"నోరు మూసుకుని ముందు చూడరా."

"టోబియస్ రింకర్!" షెరీఫ్ పిలిచాడు.

టోబియస్ మెట్లెక్కి టోపీ తీశాడు. తాడు వైపు ఒకసారి చూశాడు.

"వద్దు."

తుపాకీ మడమల చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నావ్?" అన్నాడు షెరీఫ్.

"వద్దన్నాను. చెవుడా?"

గుమాస్తా రాసుకున్నాడు. ఎవరూ తిట్టలేదు, రాయి విసరలేదు. నీలం రిబ్బన్ల వాళ్ళు నలుగురు కదిలి, మెట్లు దిగిన టోబియస్ వెనక నిలబడ్డారు. వీధి చివర ఎవరో బండి అడ్డం పెట్టారు. వాళ్ళు కేకలేసినా ఇంత భయం వేసేది కాదు.

రెండోవాడు "వద్దు" అన్నాడు. మూడోవాడు బల్ల అంచు పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి ఈనస్ మొహం చూశాడు. చెప్పమన్నట్టు ఈనస్ తలూపాడు. వాడూ చెప్పేశాడు. నాలుగోవాడు కళ్ళు మూసుకుని చెప్పాడు.

"ఆబ్నర్ వైజ్‌కార్వర్!"

 వీడొక్కడూ జంకితే బాగుండునని ఈనస్‌కు ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. ఇంటి దగ్గర భార్య తన తమ్ముడికి కూడా కలిపి వంట చేస్తోంది.

ఆబ్నర్ జంకలేదు. అందరికంటే గట్టిగా "వద్దు!" అని అరిచాడు. దిగుతూ ఈనస్ భుజం తట్టాడు.

"ఇక నీదే, బావా."

ఓక్ చెట్టు కింద అయిదుగురు. వాళ్ళ చుట్టూ ఇరవై తుపాకులు. అయిదుగురూ ఈనస్ వైపే చూస్తున్నారు.

"ఈనస్ షూమేట్!"

మెట్లెక్కాడు. కల్నల్ వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఈనస్ చెట్టు వైపు చూడలేదు.

"విడిపోవాలి," అని గట్టిగా చెప్పి, కల్నల్ ఇంట్లో పిండి బస్తాలు దించిన రోజు నుంచీ లోపలి జేబులో దాచుకున్న నీలం రిబ్బను పువ్వు తీసి టోపీకి గుచ్చుకున్నాడు.