మళ్లీ మొదటికి

"వేశాడు! మళ్లీ వేశాడు!" వాన్నెస్ తన కార్డులు బల్లమీద పడేశాడు. "ఈ ఎత్తులో నీ కూతురే గెలిచేదయ్యా. కన్నకూతురి నోటి దగ్గరది కూడా లాగేస్తావా?"

రోంబౌట్ వేసిన కార్డు పేరు 'మళ్లీ మొదటికి'. అది పడితే బల్లమీద ఉన్నదంతా ఊడ్చేసి, కార్డులు కలిపి, అదే ఆటను మొదటినుంచి ఆడాలి. కూర్చుని రెండు గంటలు దాటింది. ఇది రెండోసారి.

"ఈయనతో ఇరవై రెండేళ్ల కాపురం కూడా ఇంత సాగినట్టు లేదు," అంది వాన్నెస్ భార్య లీవ.

గెలుపు చేజారిన రోంబౌట్ కూతురు, పదకొండేళ్ల యుట్టా మాత్రం పకపకా నవ్వి, అందరి కార్డులూ తానే పోగుచేసి కలపసాగింది. తొందరేమీ లేనట్టు, ఒక్కొక్కటే.

కార్డులు అమ్ముతూ, బల్లలు వేసి ఆడించే కాఫీ షాపు యజమాని గొమ్మార్ గల్లా దగ్గరనుంచి లెక్క వేసుకుంటున్నాడు. కోర్ట్రెయిక్ ఊళ్లో శనివారం మధ్యాహ్నమంటే ఒక్కో బల్లమీద మూడు జట్లు మారాలి. ఈ బల్లమీద ఒక్క జట్టే. నలుగురికీ కలిపి ఆరు కాఫీలు. కిటికీ పక్కన చిన్న పుస్తకంలో ఏదో రాసుకునే ఆమె, పిల్లకు పిన్ని కాబోలు, ఒక్క టీతో సాయంత్రం చేస్తుంది.

ఆ వారమే ఆట నియమాల సంఘం ఈ కార్డును నిషేధించింది. ఆడేవాళ్లలో సగంమంది పండగ చేసుకున్నారు, సగంమంది తిట్టిపోశారు. సరదా ఆటల్లో మాత్రం షాపు యజమాని మాటే చివరిదని ఒక వాక్యం చేర్చి సంఘం చేతులు దులుపుకుంది.

"నువ్వే తేల్చు గొమ్మార్," అన్నాడు వాన్నెస్. "వచ్చేవారం ఈ కార్డుంటే మేముండం."

రోంబౌట్ లేచి గల్లా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"దాన్ని ఉండనీ. సరదా ఆటేగా."

"సరదా నీ ఒక్కడికి. అవతల ముగ్గురికి శిక్ష."

"యుట్టాకీ ఇష్టమే."

"ఆ కార్డు ఖరీదు రెండు యూరోలు. బదులుగా ఈ గాజు పెట్టెలో నీకు నచ్చిన కార్డు తీసుకో. ఇదిగో, దీని వెల నలభై."

"వద్దు."

ఇరవై ఏళ్ల వ్యాపారంలో అలాంటి బేరం కాదన్నవాణ్ణి గొమ్మార్ చూడలేదు. నలభైని కాదని రెండును పట్టుకునేవాడికి బుర్రయినా లేకపోవాలి, మొండితనమైనా ఉండాలి.

"బల్లకు అద్దె ఇస్తాను," అన్నాడు రోంబౌట్. "నువ్వు ఎంతంటే అంత."

"అద్దె నువ్విస్తావు. వాన్నెస్ వాళ్లు పోయి పదిమందికి చెబితే ఆ నష్టం ఎవరిస్తారు? అయినా ఎందుకయ్యా ఇంత పట్టు? మీ ఇద్దరికీ అంత ముచ్చటగా ఉంటే ఇంట్లో ఆడుకోండి. తెల్లారేదాకా వేసుకో ఆ కార్డు. ఎవరు కాదంటారు?"

రోంబౌట్ కిటికీవైపు ఒకసారి చూశాడు. తిరిగి బల్ల దగ్గరికి వెళ్లాడు.

గొమ్మార్ లెక్క తేలిపోయింది. ఒక మొండివాడు ఒకవైపు, మూడు జట్లు ఒకవైపు. "వచ్చే శనివారంనుంచి ఆ కార్డు నా షాపులో చెల్లదు," అని అందరికీ వినబడేలా చెప్పాడు. వాన్నెస్ చప్పట్లు కొట్టాడు. యుట్టా కార్డులు కలపడం ఆపేసింది.

తరువాతి శనివారం ఆట చకచకా నడిచింది. రోంబౌట్ ప్రతి ఎత్తుకూ గెడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. యుట్టా చేతిలోకి గెలుపు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వదిలేసింది.

"అమ్మాయ్, నిద్రపోతున్నావా? అది వేస్తే అయిపోయేదిగా!" అన్నాడు వాన్నెస్. ఆగలేక తనే గెలిచేశాడు. ముప్పై అయిదు నిమిషాలు.

"ఇదీ ఆటంటే! పంచు లీవా, ఇంకోటి వేద్దాం."

కిటికీ దగ్గరి ఆమె పుస్తకం మూసి, యుట్టా కోటు పట్టుకుని వచ్చింది. యుట్టా కుర్చీలోంచి కదలలేదు. రోంబౌట్ కూతురి కార్డులను ఒక్కొక్కటే పెట్టెలో సర్దుతున్నాడు. ఒకటి పెట్టి, మళ్లీ తీసి, తిప్పి పెడుతున్నాడు.

తీర్పు ఫలించిన ఉత్సాహంలో గొమ్మార్ అయిదు కప్పులతో వచ్చాడు. "ఈ పూట కాఫీ నా లెక్కలో. అప్పుడే తీసుకెళ్లిపోతారేంటి పిన్నిగారూ? కూర్చోండి. ఇప్పుడు హాయిగా నాలుగు ఆటలు ఆడుకోవచ్చు."

"నేను పిల్ల పిన్నిని కాదండీ," అందామె కోటు విప్పి పట్టుకుంటూ. "కోర్టు పంపిస్తే వస్తాను."

"అయితే మాత్రం? ఇంకొక్కటి ఆడనివ్వండి, అరగంటేగా."

ఆమె రోంబౌట్ వైపు చూడకుండా యుట్టా చేతిని కోటులోకి దూర్చింది.

"కూతుర్ని కలవడానికి కోర్టు ఈయనకిచ్చింది వారానికి ఒక్క ఆట."