తలుపు కూత

మా మనవరాలు హేరిన్ బళ్లో ఒక పిల్లను ఇనప నీళ్ల సీసాతో నుదుటి మీద కొట్టింది. ఐదు కుట్లు పడ్డాయి. దాన్ని వేరే బడికి పంపించేస్తామని కబురొస్తే, హేరిన్‌ను పక్కన పెట్టుకుని టీచరమ్మ ముందు కూర్చున్నాను.

“ఎందుకు కొట్టావే, దయ్యం పట్టిందా?” అన్నాను.

“తెలీదు నాయనమ్మా. చెయ్యి దానంతటదే లేచింది.”

“వెనకనున్న పిల్ల లాకర్ అంకెలు తప్పు నొక్కిందండీ. అది కుయ్ కుయ్‌మంది. అంతే, ఈ పిల్ల గిర్రున వెనక్కి తిరిగి దాన్ని బాదేసింది,” అంది టీచరమ్మ.

కొరియాలో, ఈ ఇంచన్ ఊళ్లో మా ఇంటి తలుపుకూ అంకెల తాళమే. మా అబ్బాయి సోజు అనే సారా తాగొచ్చి తప్పు నొక్కితే అలాగే కూస్తుంది. ఆ తరవాత ఇంట్లో పళ్లేలు పగులుతాయి.

ఇంటిగుట్టు ఇన్నేళ్లు దాచాను. పిల్ల బడి పోతుందన్న భయంతో అంతా కక్కేశాను. “తప్పంతా నా కొడుకుదేనండీ, పసిదాన్ని వెళ్లగొట్టకండి,” అని చేతులు పట్టుకున్నాను.

టీచరమ్మ మెత్తబడింది. “నాన్న కొడతారా అమ్మా?” అని హేరిన్‌ను అడిగింది.

హేరిన్ తల అడ్డంగా ఊపింది.

“నాన్న నన్నెప్పుడూ ముట్టుకోలేదు. ఆ కూత వినపడగానే నాయనమ్మే వెనకనుంచి వచ్చి నా నోరు నొక్కేస్తుంది. బట్టల బీరువాలోకి తోసి, తలుపుకి వీపు ఆనించి నిలబడుతుంది. లోపల నాకు ఊపిరాడదు.”

నావైపు చూడకుండా అంది:

“నాయనమ్మే అనుకుని కొట్టాను.”