లోపలి మూల

సూది కనబడగానే యెషయా కుర్చీలోంచి దిగిపోయాడు.

"నాతోని కాదు బిడ్డా. ఇంకెవర్నన్న తెచ్చుకో."

"ఎవరున్నరు బాపు? వస్తనన్న పేషంటు ఫోన్ ఎత్తుతలేడు. పుచ్చుపన్ను లేకుంటే నాకు పరీక్షే లేదు."

యెషయా ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసే డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు. కుడివైపు కింది దవడ పన్ను పుచ్చి ఏడాదైనా, సూది భయంతో ఏ దవాఖాన గడపా తొక్కని మనిషి. మళ్ళీ కూర్చున్నాడు.

"నేను పడిపోతే మీ అమ్మకు నువ్వే చెప్పుకో."

షెకీనా నవ్వలేకపోయింది. ఈ డెంటల్ కాలేజీలో పరీక్ష ఆమెకు రెండోసారి. మొదటిసారి ఆమెను ఫెయిల్ చేసిన ఘియాసుద్దీన్ సారే ఇవాళ కూడా పరీక్ష పెట్టడానికి వచ్చాడు. దగ్గరికొస్తున్న ఆయన అడుగుల చప్పుడు వింటూనే, తండ్రికి ఎదురుగా నిలబడి గబగబా సూది వేసింది. యెషయా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

కాసేపాగి అడిగింది. "పెదవి మొద్దుబారిందా?"

"తిమ్మిరెక్కింది."

"నొప్పి లేస్తే చెయ్యెత్తు. ఆపేస్త."

పుచ్చుపన్ను చుట్టూ రబ్బరు పొర బిగించింది. ఇక అతను మాట్లాడలేడు.

ఘియాసుద్దీన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "పోయినసారి పన్నులో తొలిచిన గుంత లోపలి మూలలు కత్తిలా వదిలావు. కొరికినప్పుడు బరువంతా ఆ మూల మీదే పడుతుంది. ఫిల్లింగ్ పగిలేది అక్కడే. ఈసారి లోపల ఎక్కడా మూల కనబడకూడదు."

డ్రిల్లు కూతపెట్టింది. పైన విమానం దిగుతుంటే కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. తన చెయ్యి కూడా వణుకుతోందేమోనని చూసుకుంది. వణకడం లేదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది. ఎప్పుడు మొదలవుతుందో తెలియదు.

యెషయా కాళ్ళు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. ఎత్తాల్సిన చెయ్యిని తొడ కిందికి తోసి దానిమీద కూర్చున్నాడు. వణుకు దాచుకుంటున్నాడనుకుంది.

"ఆపాల్నా బాపు?"

కళ్ళతోనే వద్దన్నాడు. కంటి చివర్నుంచి నీళ్ళు చెవిలోకి జారుతున్నాయి. ఇంత పిరికి మనిషి తన కోసం వచ్చాడే అని ఆమెకు జాలేసింది. అతని తల మాత్రం రాయిలా కదలలేదు. ఆ కదలనితనం మీద ఆమె వేళ్ళు కుదురుకున్నాయి. లోపలి అంచులన్నీ నెమ్మదిగా గుండ్రం చేసింది.

ఘియాసుద్దీన్ సన్నని కొక్కెం గుంతలో తిప్పి చూశాడు. అది ఎక్కడా చిక్కుకోలేదు.

"బాగుంది. నింపెయ్. పేషంటుకు థాంక్స్ చెప్పు. ఇలా కదలకుండా కూర్చునేవాళ్ళు దొరకరు."

గేటు బయట బండి దగ్గర చాయ్ తీసుకున్నారు.

"ఏమన్న తెలిసిందా బాపు?"

"ఏం తెల్వలే. ఉత్తగనే భయపడ్డ."

"ఏడ్చినవని అమ్మకు చెప్త."

"చెప్పుకో. నిన్నెవరు నమ్ముతరు?"

అతను గుటక వేశాడు.

"చాయ్ కారుతుంది, తుడుచుకో."

యెషయా పెదవి కుడి కొస తుడుచుకున్నాడు. అక్కడ తడి లేదు. చాయ్ ఎడమ కొస నుంచి గడ్డం మీదికి, కాలరు మీదికి కారుతూనే ఉంది. అటువైపు అతనికి స్పర్శే లేదు.

ఆమె తొలిచిన పన్ను కుడివైపుది.